వంద రూపాయల లోపు గోడ క్యాలెండర్: ఇంటి పని భారానికి ఏది పనికొస్తది, ఎట్లా రాయాలి

పనులు మీద పడి ఏది ముందో ఏది వెనకో తోచని ఇంటికి మొదట కొనాల్సింది నెలకో పేజీ ఉన్న, పెద్ద గడుల తెలుగు గోడ క్యాలెండర్. ఫోన్‌లో యాప్ కాదు, అట్ట డైరీ కాదు. వంద రూపాయల లోపు దొరికే ఈ కాగితం చాలా బాగా పనిచేస్తుంది. అయితే రెండు షరతులున్నాయి. కొనేటప్పుడు గడిలో ఖాళీ ఎంతుందో చూడాలి. రాసేటప్పుడు పనికంటే ముందు విశ్రాంతి రాయాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా అది తిథులు చూసుకోవడానికి తప్ప ఇంకెందుకూ అక్కరకు రాదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఇళ్లను మనసులో పెట్టుకుని ఈ సమీక్ష రాస్తున్నాం. ఇక్కడ చాలా ఇళ్లలో ఒకే మనిషి మీద మూడు కొలువులుంటాయి. బడి, అంగన్‌వాడీ, మిషన్ కుట్టుడు, దుకాణం, వీటిలో ఏదో ఒకటి. వంట, పిల్లలు, ముసలోళ్ల మందులు రెండోది. చేను మూడోది. వీటన్నిటి మీద ఎవరికీ కనిపించని ఇంకో పని ఉంది, అదే యాది పెట్టుకునుడు. సంఘం కిస్తీ ఏ రోజు, చిట్టీ ఎవరికి కట్టాలి, గ్యాస్ ఎప్పుడు బుక్ చేసినం, పిల్లకు ఫీజు ఆఖరు తేదీ ఏది, అత్తకు బీపీ గోలీలు ఎన్నున్నయి, ఏ చుట్టం ఇంట్ల ఏ దావత్. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతుంటే, ఆ పని చేసే మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. యాది పెట్టుకునుడు చేతులు కదిలే పని కాదు కాబట్టి ఇట్లాంటి లెక్కలకు చిక్కదు. కూరగాయలు తరుగుతూ, బస్సులో నిలబడి, నిద్ర పట్టక పక్క మీద పొర్లుతూ కూడా అది నడుస్తూనే ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ‘బర్నవుట్’కు, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడానికి, ఐసీడీ-11 అనే అంతర్జాతీయ జబ్బుల జాబితాలో చోటిచ్చినప్పుడు దాన్ని ఉద్యోగానికే పరిమితం చేసింది. జీవితంలో మిగతా చోట్లకు ఆ మాట వాడొద్దని స్పష్టంగా రాసింది. అంటే ఇంటి పనితో సొమ్మసిల్లిన మనిషికి సెలవు చీటీ మీద రాసుకునే పేరు కూడా లేదు. అందుకే ఆ బరువును ఇంట్లో అందరి కళ్లకు కనపడేటట్టు పెట్టే వస్తువు కావాలి. గోడ క్యాలెండర్ విలువ అంతా అక్కడే ఉంది. ఒక మనిషి బుర్రలో ఉన్నదాన్ని అది నలుగురు తిరిగే చోట ఉన్న గోడ మీదకు దించుతుంది.

దుకాణంలో చూడాల్సినవి

డిసెంబరులో ఇంటికి ఊరికే వచ్చే క్యాలెండర్లు చాలానే ఉంటాయి. కిరాణా షాపు, బంగారం కొట్టు, ఎరువుల దుకాణం, రైస్ మిల్లు, అందరూ ఇస్తారు. వాటిలో ఎక్కువ భాగం పైన దేవుడి పటం, కింద అరచేయంత తేదీల పుస్తకం. గడి చిటికెన వేలి గోరంత ఉంటుంది. తేదీ చూసుకోవడానికి సరిపోతుంది, రాయడానికి రాదు. రోజుకో కాగితం చింపే క్యాలెండర్ కూడా ఈ పనికి వద్దు. అది ఈ రోజు తప్ప ఇంకేదీ చూపించదు. పని భారం తెలియాలంటే వారమంతా ఒక్క చూపులో కనపడాలి.

కొనాల్సింది పన్నెండు పేజీలది. మన తెలుగు క్యాలెండర్లలో చాలావాటికి ఒక మంచి గుణం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. వారాల పేర్లు ఎడమ పక్కన పైనుంచి కిందికి ఉంటాయి, తేదీలు నిలువుగా దిగుతాయి. ఒక నిలువు వరుస అంటే ఒక వారం. పదిహేను అంగుళాల వెడల్పు షీటు మీద వారాల పేర్ల పట్టీ పోను ఐదు నిలువు వరుసలకు ఒక్కోదానికి రెండున్నర అంగుళాల పైచిలుకు వస్తుంది. అదే షీటును బ్యాంకుల క్యాలెండర్ల లెక్కన అడ్డంగా ఏడు గడులు చేస్తే ఒక్కోటి రెండు అంగుళాల దగ్గరే ఆగుతుంది. రాసేవాళ్లకు ఆ అర అంగుళం చాలా పెద్దది. ‘శాంతమ్మ బిడ్డ పెండ్లి’ అని ఒక్క వరుసలో పడుతుంది.

అయితే గడి పెద్దగా ఉంటే చాలదు. తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, పండుగ పేరు, ఉపవాసం గుర్తు, ఇవన్నీ అచ్చేసిన తర్వాత ఖాళీ ఎంత మిగిలిందో చూడాలి. బొటనవేలు గడిలో పడుకోబెట్టండి. అచ్చు అక్షరాల మీదకు ఎక్కకుండా వేలు పట్టిందంటే రెండు పనులు రాసుకోవచ్చు. పట్టకపోతే ఆ క్యాలెండర్ ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

కాగితం గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే మోసపోతారు. నున్నగా మెరిసే ఆర్ట్ కాగితం మీద రంగులు బాగుంటాయి. కానీ ఆ పూత సిరాను పీల్చుకోనివ్వదు. జెల్ పెన్నుతో రాస్తే చెయ్యి తగిలిన చోటల్లా అలుక్కుపోతుంది. బాల్ పెన్ను కొంత నయం. పెన్సిల్ అసలు పడదు, పెన్సిల్ ఈ పద్ధతిలో తప్పనిసరి. మెరుపు లేని మ్యాప్‌లితో కాగితం, 70 నుంచి 80 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) మందం ఉన్నది అడగండి. దుకాణదారుకు జీఎస్‌ఎం తెలియకపోతే కాగితాన్ని వెలుతురుకు వారగా పట్టుకుని చూడండి. వెలుగు తిరిగి కంటికి కొడితే అది పూత కాగితం.

పటం విషయం కూడా చూసుకోవాలి. గడుల వెనక పల్చగా దేవుడి బొమ్మ అచ్చేసిన క్యాలెండర్ మీద పెద్దవాళ్లు రాయనివ్వరు, నెల అయిపోయినాక పేజీ పారేయనివ్వరు. వాళ్ల మనసు కష్టపెట్టడం ఎందుకు? పటం పైభాగంలో విడిగా ఉన్నది తీసుకుంటే ఆ పేచీ ఉండదు.

ఇంకొక చిక్కు 30, 31 తేదీలది. 30 రోజుల నెల శనివారం మొదలైతే, 31 రోజుల నెల శుక్రవారమో శనివారమో మొదలైతే ఐదు నిలువు వరుసలు చాలవు. అప్పుడు అచ్చువాళ్లు చివరి తేదీలను మొదటి వరుసలో ఖాళీగా ఉన్న గడుల్లో పెడతారు. 2026లో ఇట్లా మే, ఆగస్టు నెలల్లో వస్తుంది. మే 31 ఆదివారం, ఆగస్టు 30 ఆదివారం, 31 సోమవారం మొదటి వరుసలోకి పోతాయి. నెలాఖరు పనిని ఆ గడిలో రాస్తే అది మొదటి వారం పనిలాగా కనపడుతుంది, అసలు వారంలో బరువు లెక్కలోకి రాదు. ఈ రెండు నెలలకు ఆ గడుల్లో ఏమీ రాయకండి. తర్వాతి నెల పేజీలో మొదటి వరుస పైభాగం ఖాళీగా ఉంటుంది, అక్కడ చేత్తో తేదీ వేసి రాసుకోండి. ఆగస్టు 31 పని సెప్టెంబరు పేజీలో, దాని అసలు వారంలోనే కూర్చుంటుంది.

రాసే పద్ధతి

నెల మొదటి రోజో, అంతకు ముందు ఐతారమో పావుగంట చాలు. వరుస మాత్రం మార్చొద్దు.

అన్నిటికంటే ముందు విశ్రాంతి గడులు. వారానికి ఒక పూట, అంటే నాలుగు గంటల సమయం, బాల్ పెన్నుతో. పేరు పెట్టి రాయాలి. ‘నిద్ర’, ‘తలంటు’, ‘గుడి దగ్గర కూసునుడు’, ‘ఏం లేదు’, ఏదైనా సరే. ఖాళీగా వదిలేసిన గడిని ఇల్లు విశ్రాంతిగా చదవదు, దొరికిన జాగాగా చదువుతుంది. అందుకే చివర్లో మిగిలిన చోట విశ్రాంతి రాసుకుందామనుకుంటే ఆ చోటు ఎప్పటికీ మిగలదు. విశ్రాంతి బాల్ పెన్నుతో, జరపగలిగే పని పెన్సిల్‌తో. ఈ ఒక్క నియమం మీద ఎంత పట్టుపట్టినా తప్పు లేదు.

తర్వాత డబ్బు తేదీలు. సంఘం కిస్తీ, చిట్టీ, కరెంటు బిల్లు, ఫీజు. ఇవి కదలవు కాబట్టి పెన్నుతోనే. కట్టాల్సిన రోజు గడిలో కాకుండా రెండు రోజుల ముందు గడిలో రాయండి. ఆఖరు రోజున సర్వర్ పనిచేయకపోవడం, చేతిలో డబ్బు లేకపోవడం, ఏటీఎంలో నోట్లు అయిపోవడం మామూలే. ఉరుకులాటలో సగం ఆఖరు రోజు నుంచే పుడుతుంది.

మూడోది బరువు పనులు. ఏ పని పెట్టుకుంటే ఆ రోజు ఇంకో పెద్ద పని పెట్టుకోలేమో అది బరువు పని. పెండ్లి, పుట్టువెంట్రుకలు, ఆసుపత్రికి పోవుడు, హైదరాబాద్ ప్రయాణం, కూలీలకు అన్నం మోసే రోజు, ఇల్లు కడుగుడు, పచ్చళ్లు పెట్టుడు. తేదీ పక్కన ఎర్ర పెన్నుతో ఒక సున్నా చుట్టండి. చిన్న పనులు అసలు రాయొద్దు. పాలు, పూలు, ఇస్త్రీ బట్టలు కూడా రాస్తే గడి నిండి, వారం రోజుల్లో ఎవరూ ఆ గోడ వైపు చూడరు. క్యాలెండర్లు మూలన పడడానికి అతి పెద్ద కారణం ఇదే.

సున్నాలకు లెక్క ఉంది. రోజుకు ఒకటి. నిలువు వరుసకు, అంటే వారానికి మూడు. సున్నా పడిన తెల్లారి గడిలో సగం అడ్డంగా కొట్టేయండి, ఆ సగంలో ఏ పనీ పెట్టొద్దు. పెండ్లికి పోయొచ్చిన రోజు మనిషి ఉత్సాహంగానే ఉంటుంది, అలసట మరునాడు బయటపడుతుంది. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. దావత్ రాత్రి అందులో రెండు మూడు గంటలు పోతాయి, వాటిని తెల్లారే తీర్చాలి. తీర్చకుండా ఇంకో సున్నా పెట్టుకుంటే రెండో పని ఎక్కువసేపు పడుతుంది, చేతులు తడబడతాయి, పిల్లల మీద కోపం వస్తుంది. మూడో రోజుకు ఒళ్లు నొప్పులతో పడుకోక తప్పదు, అప్పుడు రాసుకున్న వారమంతా చెడుతుంది.

పనికి పట్టే సమయాన్ని కూడా తక్కువ వేసుకుంటాం. బ్యాంకు పని గంట అనుకుంటే గంటన్నర వేసుకోండి. బస్సు ఆలస్యం, వరుసలో నిలబడడం, జిరాక్స్ కోసం తిరగడం, ఈ సగం వాటిల్లో పోతుంది.

చివరగా ప్రతి పని పక్కన చేసే మనిషి పేరులో మొదటి అక్షరం. రాసిన మనిషి కాదు, చేయబోయే మనిషి. నెల అయ్యేసరికి గోడ మీద ఒకే అక్షరం ముప్పైసార్లు కనపడితే ఇంట్లో మాట్లాడడానికి అది చాలు. గొడవ పెట్టుకునే అవసరం లేదు, వేలు పెట్టి చూపించొచ్చు. ఇంటాయన అక్షరం, పదో తరగతి పిల్లోడి అక్షరం వారానికి రెండైనా ఉండేటట్టు పంచాలి. గ్యాస్ బుకింగ్, మందులు తెచ్చుడు, కరెంటు బిల్లు వాళ్లకు ఇవ్వడానికి బాగుంటాయి. ఎందుకంటే అవి మొదలు నుంచి చివరి దాకా ఒక్కరే చేయగలిగినవి. ‘నువ్వు గుర్తు చేస్తే నేను తెస్తా’ అన్నది పంపకం కాదు. యాది పెట్టుకునే బరువు పాత మనిషి మీదే ఉండిపోతుంది.

చేను పనికి వేరే ఏర్పాటు కావాలి. నాట్లు, కలుపు, పత్తి ఏరుడు వాన మీద, కూలీల మీద ఆధారపడతాయి, వాటికి తేదీ పెట్టలేం. గడిలో రాస్తే కొట్టేసి మళ్లీ రాయడంతో పేజీ పాడవుతుంది. నిలువు వరుస పక్క అంచున పెన్సిల్‌తో ఒక గీత గీసి ‘కలుపు’ అని రాయండి, గీత ఎన్ని వారాలు తాకితే అంత. ఆ గీత ఉన్న వారాల్లో సున్నాల హద్దు మూడు నుంచి ఒకటికి దించండి. చేను మిగతా రెండింటినీ తీసుకుంటుంది.

రాహుకాలం గంటన్నర

ఈ క్యాలెండర్లన్నిటి మీద అచ్చయ్యే ఒక పట్టికను విశ్రాంతికి వాడుకోవచ్చు. ఆరు గంటలకు సూర్యోదయం లెక్కన రాహుకాలం సోమవారం 7:30 నుంచి 9, మంగళవారం 3 నుంచి 4:30, బుధవారం 12 నుంచి 1:30, గురువారం 1:30 నుంచి 3, శుక్రవారం 10:30 నుంచి 12, శనివారం 9 నుంచి 10:30, ఆదివారం సాయంత్రం 4:30 నుంచి 6. ఆ సమయంలో కొత్త పని మొదలుపెట్టొద్దని పాటించే ఇళ్లలో ఆ గంటన్నరను ఎవరూ ప్రశ్నించరు. అదే గంటన్నర కూర్చుంటానంటే ఎవరైనా ఏదో ఒకటి చెప్తారు. సోమవారం పొద్దున బడి హడావుడిలో, శనివారం పొద్దున అది కుదరదు. బుధ, గురువారాల్లో అన్నం తిన్న తర్వాత సరిగ్గా సరిపోతుంది. మంగళవారం పిల్లలు బడి నుంచి రాకముందు దొరుకుతుంది. ఆ మూడు గడుల్లో ‘కాళ్లు చాపుడు’ అని రాయండి. కనీసం ఇరవై నిమిషాలు, ఫోన్ లేకుండా. ఫోన్ చూస్తూ పడుకుంటే కళ్లు, మెడ అలసిపోతూనే ఉంటాయి. నమ్మకం లేనివాళ్లు కూడా ఈ పట్టికను వాడుకోవచ్చు. రోజురోజుకూ మారే గంట కాబట్టి ఒకే పని ఎప్పుడూ దానికి అడ్డం పడదు.

ఐతారం పది నిమిషాలు

నెలకోసారి రాసి వదిలేస్తే పనిచేయదు. ఐతారం సాయంత్రం, ఇంట్లో ఇంకొకరు పక్కన ఉండగా, రాబోయే నిలువు వరుసను పైనుంచి కిందికి చదవండి. సున్నాలు మూడు దాటితే ఒకటి తీసేయాలి. జరపగలిగేది ఏది, వేరేవాళ్లకు ఇవ్వగలిగేది ఏది, పోకున్నా నడిచేది ఏది, ఈ మూడు ప్రశ్నలు ఈ వరుసలోనే అడగాలి. మనం చాలాసార్లు మూడోదాన్ని అడగనే అడగం. దూరపు చుట్టం ఇంట్లో పుట్టినరోజుకు ఇంటిల్లిపాదీ పోవాల్సిన పని లేదు, ఒకరు పోతే చాలు. చెప్పే మాట కూడా ముందే అనుకోండి, ఫోన్ వచ్చినప్పుడు తడబడి ఒప్పుకోకుండా. ‘ఈ వారం కాదు వదినా, వచ్చే బేస్తారం పొద్దుగాల వస్త’ అనేది మంచి మాట. వద్దని చెప్పడం కాదు, తేదీ ఇవ్వడం. క్యాలెండర్ ముందు నిలబడి ఫోన్ మాట్లాడితే ఆ తేదీ నిజంగా ఖాళీగా ఉందో లేదో కూడా తెలుస్తుంది.

చదవడం అయినాక పేజీని ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. బడిలోనో బస్సులోనో ఉన్నప్పుడు ఎవరైనా తేదీ అడిగితే పనికొస్తుంది. గోడ క్యాలెండర్‌కున్న పెద్ద లోటు అది ఒక్కచోటే ఉండడం, దానికి ఇదే మందు.

2026 పేజీల్లో ముందే చూసుకోవాల్సింది

పోయినేటి అలవాటుతో పండుగ పనులు పెట్టుకుంటే ఈసారి తప్పుతుంది. 2025లో దసరా అక్టోబరు 2న, దీపావళి అక్టోబరు 20న వచ్చాయి. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది, మే 17 నుంచి జూన్ 15 దాకా. దాంతో దసరా అక్టోబరు 20కి, దీపావళి నవంబరు 8కి జరిగాయి. దీని ప్రభావం మన వైపు ఇళ్ల మీద రెండు రకాలుగా పడుతుంది.

అధికమాసంలో పెండ్లి ముహూర్తాలుండవు. ఎండాకాలం సెలవుల్లో సగం ఆ నెలలో పోతాయి కాబట్టి దావత్‌లు దానికి ముందు వారాల్లో గుంపుగా పడతాయి. ఏప్రిల్, మే మొదటి సగం పేజీల్లో సున్నాలు ఎక్కువైతే ఆశ్చర్యపోవద్దు, ఎవరు ఏ పెండ్లికి పోవాలో ముందే పంచుకోండి. అదే సమయంలో యాసంగి వరి కోతలు, వడ్లు కల్లంలో ఆరబెట్టుడు, కొనుగోలు కేంద్రం దగ్గర కావలి ఉంటాయని మరవొద్దు. అధికమాసపు నాలుగు వారాలను మాత్రం వెనక్కి పడ్డ నిద్ర కోసం, దంతాల డాక్టర్ కోసం, కళ్లద్దాల కోసం రాసుకోండి. ఒంటి గురించి వాయిదా వేసినవన్నీ చూసుకోవడానికి ఏడాది మొత్తంలో ఇంత తేరిపి ఇంకోసారి రాదు.

రెండోది అక్టోబరు, నవంబరు. బతుకమ్మ, దసరా రోజుల్లోనే పత్తి ఏరుడు ముమ్మరంగా ఉంటుంది, ఆ వెనకే వానాకాలం వరి కోత, దీపావళి. మహబూబ్‌నగర్ వైపువాళ్లకు కార్తీకంలో కురుమూర్తి జాతర కూడా కలుస్తుంది. తంగేడు, గునుగు పూలు ఎవరు తేవాలి, సత్తుపిండి ఎవరు దంచాలి, ఆడబిడ్డలు ఏ రోజు వస్తున్నరు అన్నది సెప్టెంబరు పేజీ మీద ఉండగానే అక్టోబరు పేజీలో అక్షరాలతో సహా రాయాలి. ఇల్లు కడుగుడు దసరా ముందు వారంలో ఒక్కరోజున పెట్టుకోవద్దు. గదికో రోజు చొప్పున మూడు వారాలకు పంచితే అది సున్నా పని కాకుండా చిన్న పని అవుతుంది. దీపావళికి మళ్లీ మొత్తం కడగొద్దు, వాకిలి, పూజ చేసే చోటు చాలు. దసరా తెల్లారి గడి మొత్తం కొట్టేయండి, సగం కాదు.

మాఘమాసంలో చెర్వుగట్టు, మన్యంకొండ జాతరలకు పోయేవాళ్లు పిల్లల పరీక్షల తేదీలు పక్కన పెట్టుకుని చూడాలి. ఇంటర్, పదో తరగతి పరీక్షలు ఆ వెనకనే ఉంటాయి, జాగరణ చేసి వచ్చిన మనిషి పొద్దున్నే టిఫిన్ బాక్సు కట్టాల్సి వస్తుంది.

చెడిపోయేవి, వాటికి మందు

పైన ఉండే రేకు పట్టీ నాసిరకంగా ఉంటే జూన్ దాటకముందే పేజీలు జారతాయి. కొన్న రోజే పట్టీ కింద వెడల్పాటి టేపు రెండు వైపులా అంటించండి. పొయ్యి పక్క గోడ వద్దు, తిరగమాత నూనె ఆవిరి కాగితం మీద పేరుకుంటుంది, అక్కడ పెన్ను జారుతుంది. వానాకాలంలో చెమ్మ పట్టే గోడ కూడా వద్దు. వంటింట్లోకి పోయే దారిలో తలుపు పక్కన, రాసే మనిషి కళ్ల ఎత్తుకు మేకు కొట్టండి. పూజగదిలో పెడితే చెప్పులేసుకున్నప్పుడు, ఎంగిలి చేతులతో ఉన్నప్పుడు ఎవరూ దగ్గరికి రారు. ఫ్యాను గాలికి పేజీలు కొట్టుకుంటే కింద రెండు బట్టల క్లిప్పులు పెట్టండి. పెన్ను, పెన్సిల్ దారంతో అదే మేకుకు కట్టాలి. పెన్ను వెతకాల్సి వచ్చిన రోజు నుంచి రాయడం ఆగిపోతుంది.

నెలసరి తేదీలు, ఆసుపత్రి విషయాలు అందరి కళ్లకు పడొద్దనుకుంటే తేదీ మూలన ఒక చుక్క చాలు. ఆ చుక్కల దగ్గరి రెండు మూడు రోజులకు సున్నా పెట్టకుండా చూసుకోవడం కూడా ఈ పద్ధతిలో భాగమే.

డైరీ లెక్కలు రాసుకోవడానికి మంచిది. రోజుకో పేజీ కావడం వల్ల వారం బరువు అందులో కనపడదు, పైగా అది ఒకరి సంచిలో ఉంటుంది. ఫోన్ క్యాలెండర్ గంట కొట్టి గుర్తు చేస్తుంది, గోడ అది చేయలేదు. కాబట్టి డాక్టర్ సమయం, రైలు సమయం లాంటి గంటతో ముడిపడ్డ వాటిని మాత్రం ఫోన్‌లో పెట్టుకోండి. మిగతావన్నీ అందులో పెడితే గంటలు మోగీ మోగీ చివరికి చూడకుండానే పక్కకు తోసే అలవాటు పడుతుంది.

క్యాలెండర్ తీర్చలేని అలసట ఒకటుంది, అది కూడా ఇక్కడ చెప్పాలి. పనులు తగ్గించినా రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, ఊరికే ఏడుపు రావడం, బతకాలనిపించకపోవడం ఉంటే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ, రాత్రింబగళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పానం తీసుకోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే చేయాలి. అలసటతో పాటు ఆయాసం, కాళ్ల వాపు, తల తిరగడం ఉంటే రక్తం తక్కువుందేమో, థైరాయిడ్ ఉందేమో పరీక్ష చేయించుకోవాలి. ఎన్ని విశ్రాంతి గడులు రాసుకున్నా రక్తహీనత తగ్గదు. ఈ నంబరును క్యాలెండర్ పై అంచున, గ్యాస్ నంబరు పక్కనే రాసి పెట్టుకోవచ్చు.

కొనడానికి డిసెంబరు మొదటి సగం మంచిది. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో క్లాక్ టవర్ చుట్టుపక్కల స్టేషనరీ, పుస్తకాల దుకాణాల్లో అడగండి. చుట్టి ఇచ్చింది తీసుకోకుండా విప్పించి మే, ఆగస్టు, అక్టోబరు పేజీలు తెరిచి బొటనవేలు పెట్టి చూడండి. ఏడాది మధ్యలో మొదలుపెట్టేవాళ్లు ఆగాల్సిన పని లేదు. మిగిలిపోయిన క్యాలెండర్ దొరకకపోతే చార్టు కాగితం మీద స్కేలుతో ఏడు అడ్డ వరుసలు, ఐదు నిలువు వరుసలు గీసి వాడుకోవచ్చు, తిథులు ఊరికే వచ్చిన క్యాలెండర్‌లో చూసుకోవచ్చు. పాత ఏడాదిది పుస్తకాలకు అట్టలు వేయకుండా ఒక్క సంవత్సరం దాచండి. అక్టోబరు పేజీ ఈసారి రాసేటప్పుడు పోయినేడు సున్నాలు ఎక్కడ గుంపుగా పడ్డాయో పక్కన పెట్టుకుని చూడాల్సి ఉంటుంది.